కాగితంలో లేని గొట్టం

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, ఓడ పంపు గదిలోకి దిగిన నా భర్త మళ్ళీ పైకి రాడేమోనని.

మిగతా భయాలూ ఉన్నాయి. పాపకు జ్వరం తగులుతుందేమో, స్టవ్ కట్టేయకుండా బయటికి వచ్చేశానేమో, చంకలో పిల్లతో మెట్ల మీద జారతానేమో. మా రేవు ఊరు పెరామాలో ఇళ్ళన్నీ కొండను కరుచుకుని ఉంటాయి కనుక మెట్లు తప్పవు. కానీ అవి వచ్చి పోయే భయాలు. ఇది అలా కాదు. పొద్దున ఆరున్నరకు పాంతెలిస్ తిండి డబ్బా పట్టుకుని వెళ్ళిన దగ్గర్నుంచి, సాయంత్రం అతని బూట్ల చప్పుడు గుమ్మంలో వినిపించేదాకా, అది నా గుండెలో ఒక పక్కన కూర్చునే ఉంటుంది.

అతను జోన్‌లో గొట్టాల ఫిట్టరు. మా కొండ కింద, ఒడ్డు పొడుగునా ఓడలు బాగుచేసే చోటును జోన్ అంటాం. చమురు ఓడలు ఎక్కువ. నేను పదిహేనో ఏట బడి మానేసి రొట్టెల కొట్లో చేరినదాన్ని, ఓడల సంగతి నాకు తెలిసిందంతా మా మామగారు ఇసిదోరోస్ చెప్పిందే. ఆయన ముప్పై ఏళ్ళు చమురు ఓడల మీద పంపుమన్‌గా చేశాడు. ఏ ట్యాంకులో చమురు ఏ గొట్టంలోంచి పోవాలో చూసి వాల్వులు తిప్పే పని. తుంటి అరిగిపోయాక పని మానేసి మా కింది గదిలో ఉంటున్నాడు.

పాప మార్కెల్లా పుట్టిన కొత్తలో నా భయం మరీ ముదిరింది. ఒకసారి జోన్‌లో పొగ లేస్తోందని పాపను ఎత్తుకుని గేటు దాకా పరుగెత్తాను. తీరా చూస్తే కాపలా వాళ్ళు చేపలు కాల్చుకుంటున్నారు. ఇంకోసారి పీడకల వచ్చిందని వెళ్ళి, పాంతెలిస్‌ను పైకి పిలిపించాను. పనివాళ్ళు నెల రోజులు నవ్వుకున్నారు. అతను ఇంటికొచ్చి ఒక్క మాటా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

అప్పుడే మామయ్య నన్ను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మాంసం, మాకరోని పొరలుగా వేసి కాల్చే పాస్తిచ్చో చేద్దామని లావు మాకరోని పొట్లం తెరిచి ఉంది.

“ఇలా రా అమ్మాయ్. వాడు దిగే చోటు ఎలా ఉంటుందో చూపిస్తా. చూశాక కూడా భయమేస్తే అప్పుడే ఏడుద్దువుగాని.”

బల్ల మీద ఆలివ్ కాయలు వరసగా పేర్చాడు. అవి ట్యాంకులు. వాటి కిందుగా మూడు మాకరోనీలు పొడుగ్గా పెట్టాడు.

“ఇవి పెద్ద లైన్లు. ఓడ అడుగున వెనక్కి వస్తాయి. వెనక ఇదిగో, ఈ ఉప్పు గిన్నె, పంపు గది. ఓడలోకెల్లా లోతైన బావి అనుకో. అక్కడ పంపులు చమురు లాగి పైకి, డెక్కు మీదికి తోస్తాయి. డెక్కు నడుమ గొట్టాల నోళ్ళు ఉంటాయి. అక్కణ్ణుంచి ఒడ్డుకు.”

“ఈ సన్నది ఏంటి మామయ్యా?” అడిగాను, ఆయన పక్కన ఒక సన్న సేమియా పుల్ల పెట్టగానే.

“ట్యాంకు అడుగున మిగిలిన చివరి గుక్క ఉంటుంది చూడు, అది పీల్చేది. పెద్ద పంపుకు అది అందదు. ఇక లైనుకూ లైనుకూ మధ్య ఈ అడ్డ గొట్టాలు. ఒక్కోదానికి రెండేసి వాల్వులు. ఒకటి కారినా రెండోది ఆపాలి. రెండు రకాల చమురు కలిసిందా, పంపుమన్ పని అయిపోయినట్టే.”

బాగుచేసే ముందు ప్రతి గొట్టాన్నీ నీళ్ళతో కడుగుతారని, ఖాళీ చేస్తారని, ఇనప పలకలు బిగించి నోళ్ళు మూస్తారని, ఆ తర్వాత కెమిస్టు గ్యాసు లేదని కాగితం రాస్తేనే మంట వెలిగిస్తారని చెప్పాడు. “ఓడ పటంలో ఉన్న ప్రతి గొట్టమూ కడిగిందే. మరి దేనికి భయం?”

ఆ పూట నాకు నిజంగానే కొంచెం నెమ్మదించింది.

కానీ మామయ్యకు ఇంకో కథ ఉంది. పండగ పూట రెండు గ్లాసులు పడ్డాయంటే అది రావలసిందే. ‘మిర్సిని’ అనే ఓడలో ప్రతి రేవులోనూ ఆ చివరి గుక్క పీల్చడానికి ఐదు గంటలు పట్టేదట. కెప్టెన్ రోజూ గోల. చివరికి మామయ్యా, ఓడ ఫిట్టరూ కలిసి సన్న లైను నుంచి పెద్ద లైనుకు రెండు బారల అడ్డదారి గొట్టం వేశారు. పంపు గదిలో నిచ్చెన కింద, నేల పలకల అడుగున. ఐదు గంటల పని రెండు గంటల్లో తేలిపోయింది. పటంలో గీస్తే ఓడలు తనిఖీ చేసే సర్వేయరు వచ్చి ఓడ ఆపుతాడని కెప్టెన్ గీయొద్దన్నాడు.

“ప్రపంచంలో ఏ కాగితంలోనూ లేని గొట్టం నాది!” అని మామయ్య బల్ల చరిచేవాడు. అందరం నవ్వేవాళ్ళం.

“ఆపు నాన్నా, ఆ కథ పాపకు కూడా నోటికొచ్చేసింది,” అనేవాడు పాంతెలిస్. పాపకు అప్పటికి వచ్చింది రెండే మాటలు.

అక్టోబరులో ఒక గురువారం. ముందు రోజు భోజనాల దగ్గర పాంతెలిస్ చెప్పాడు, ఇప్పుడు చేస్తున్న ఓడ పేరు ‘లోరెట్టా’ అని, పంపు గదిలో నిచ్చెన కింద సన్న లైను తుప్పు పట్టిందని, రేపు పదిన్నరకు రొట్టె తిన్నాక ఆ ముక్క కోసి కొత్తది అతుకుతామని. కెమిస్టు కాగితం కూడా వచ్చేసిందన్నాడు, నా ముఖం చూసి.

గురువారం పొద్దున నేను పాపను మా అమ్మకు చూపిద్దామని ఎదుటి దీవి సలమీనకు వెళ్ళే ఫెర్రీ ఎక్కాను. తొమ్మిదిన్నర అయింది. ఫెర్రీ రేవు వదిలి జోన్ పక్కనుంచి మలుపు తిరిగింది. ఒక చమురు ఓడ వెనక భాగం మాకు చాలా దగ్గరగా వచ్చింది. తాళ్ళకు వేలాడే బల్ల మీద నిలబడి ఇద్దరు పాత రంగు గీకేస్తున్నారు. ‘లోరెట్టా’లో చివరి ‘ట్టా’ ఒక్కటే ఇంకా మిగిలి ఉంది.

పాపకు చూపిద్దామని వేలు చాపాను. “అదిగో, నాన్న ఓడ.”

ఎండ ఏటవాలుగా పడుతోంది. గీకేసిన చోట ఇనుము మీద వెల్డింగుతో ఉబ్బెత్తుగా వేసిన వేరే అక్షరాలు ఉన్నాయి. పాత పేరు. ఓడ అమ్మినప్పుడు దాన్ని అరగదీయాలి. ఎవరో బద్ధకించి దాని మీదే రంగు పూసేసినట్టున్నారు. ఒక్కో అక్షరం పక్కన సన్నగా నీడ. ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుని చదివాను. మి. ర్సి. ని.

మళ్ళీ చదివాను. అదే.

పాంతెలిస్‌కు ఫోన్ చేశాను. మోగలేదు. ఓడెక్కే ముందు అందరి ఫోన్లూ ఆపించి మేస్త్రీ గదిలో పెట్టెలో వేయిస్తారు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా మూడుసార్లు చేశాను. తర్వాత మామయ్యకు చేశాను. ఆయన ఆ వేళప్పుడు ఒడ్డు రోడ్డు మీది కాఫీ కొట్లో పాచికలు ఆడుతుంటాడు.

“మామయ్యా, మిర్సిని!”

“ఏ మిర్సిని? కొట్టు వెనకింటి ఆవిడా?”

“మీ ఓడ మామయ్యా. పాంతెలిస్ ఇప్పుడు దాంట్లోనే ఉన్నాడు. లోరెట్టాయే మిర్సిని. పేరు కనిపిస్తోంది, కళ్ళారా చూస్తున్నా.”

వెనక పాచికల చప్పుడు, ఎవరిదో నవ్వు. “అది ఎప్పుడో ముక్కలైపోయింది పిల్లా. ఎక్కడో ఒడ్డుకు లాగి కోసేశారని విన్నా. ఆ పేరు గల ఓడలు బోలెడు. నువ్వు పొద్దున ఏమైనా తిన్నావా, లేదా?”

“తిన్నాను. మామయ్యా, నిచ్చెన కింది గొట్టం మీరు దిగిపోయేటప్పుడు తీసేశారా?”

“ఆగండ్రా,” అని ఆయన పక్కవాళ్ళను కసిరాడు.

“తీసేశారా?”

“లేదు.”

“దాంట్లో ఏమైనా ఉంటుందా?”

“నేల పలకల కింద నుంచి పోవాలని కిందికి వంచాం దాన్ని.” ఆయన గొంతు తగ్గిపోయింది. “ఆ వంపులో పడ్డది ఎటూ పోదు. రెండు వైపులా వాల్వులున్నాయి. అది ఉందని తెలియనివాడు కడగడు. ఆఖరిసారి ఏం మోశారో, అదే ఉంటుంది. పెట్రోలైనా సరే. వాడు ఎక్కడ కోస్తానన్నాడు?”

“నిచ్చెన కింద అన్నాడు. సన్న లైను.”

కుర్చీ పడిపోయిన చప్పుడు వినిపించింది. “ఎన్నింటికి?”

“పదిన్నరకు.”

“నేను గేటు దగ్గరికి పోతున్నా,” అని పెట్టేశాడు.

ఫెర్రీని మధ్యలో ఎవరు వెనక్కి తిప్పుతారు? టికెట్ల అతన్ని అడిగాను కూడా. “వెనక్కా? ఇది టాక్సీ అనుకున్నావా అక్కా?” అన్నాడు. తర్వాత నా ముఖం చూసి నీళ్ళు తెచ్చిచ్చాడు. సలమీనలో అందరూ దిగారు, నేను దిగలేదు. కార్లు దిగాయి, కార్లు ఎక్కాయి. కూరగాయల లారీ ఒకటి ఎక్కలేక ఎక్కలేక ఎక్కింది. ఆ డ్రైవరును నేను మనసులో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పాప నా గొలుసు నోట్లో పెట్టుకుని ఆడుకుంటోంది. సిలువ గుర్తు వేసుకున్నాను, మేరీమాతను ఏం అడగాలో కూడా తెలియలేదు. మామయ్య ఉన్నాడు కదా, ఈపాటికి చెప్పేసి ఉంటాడు, అందరూ పైకి వచ్చేసి ఉంటారు అనుకుంటూ కూర్చున్నాను.

పదీ ఇరవైకి పెరామా. అక్కణ్ణుంచి గేటు దాకా పరుగే.

గేటు దగ్గర మామయ్య ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని, కాపలా గది గోడకు ఆనుకుని. ఎదురుగా మేస్త్రీ ఆర్గిరిస్, చేతిలో రొట్టె ముక్క. నన్ను చూడగానే మేస్త్రీ చూపు పాప మీద పడింది.

“ఇదేనా ఆసుపత్రిలో ఉన్న పిల్ల?”

నాకేమీ అర్థం కాలేదు. “ఏ ఆసుపత్రి?”

“మనవరాలికి ఊపిరాడటం లేదట, కొడుకును వెంటనే పైకి పిలవాలట, మీ మామగారు పావుగంట నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. పిల్లేమో గొలుసు చప్పరిస్తోంది.” మేస్త్రీ మామయ్య వైపు తిరిగాడు. “ఒకసారి చేపల పొగ, ఒకసారి కల, ఇప్పుడిది. మీ ఇంటికి నేనేం లోకువయ్యాను పెద్దాయనా? వాడు ఇప్పుడే దిగాడు. కోత అయ్యాక వస్తాడు, అరగంట.”

నేను మామయ్యను చూశాను. ఆయన నేలను చూస్తున్నాడు. నాకప్పుడు అర్థమైంది. ఈయన గొట్టం సంగతి చెప్పలేదు. చెప్పకుండానే కొడుకును పైకి రప్పిద్దామనుకున్నాడు. పాపను అడ్డం పెట్టుకున్నాడు. నేను అంతకు ముందు రెండుసార్లు ఉత్తుత్తికే పరుగెత్తుకొచ్చాను కనుక, ఆ అబద్ధాన్ని ఎవరూ నమ్మలేదు.

“మేస్త్రీ గారూ, నిచ్చెన కింద పటంలో లేని గొట్టం ఉంది,” అన్నాను.

“ఏంటి, రాత్రి కలలో కనిపించిందా?”

“లోరెట్టా కాదది, మిర్సిని. మామయ్య అందులో పనిచేశాడు. మామయ్యా, చెప్పండి.”

ఆయన టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డాడు. ఆయన మీద నాకు ఎంత గౌరవమో ఆ క్షణంలో అంత కోపం వచ్చింది. పాపను తీసి ఆయన చేతుల్లో పెట్టాను.

“పండగ పండగకీ చెప్పారు కదా! ఇప్పుడు చెప్పండి!”

మామయ్య పాపను గుండెకు ఆనించుకున్నాడు. అప్పుడు మేస్త్రీని సూటిగా చూసి చెప్పాడు. “నేనే వేశాను. నిచ్చెన కుడి పక్కన, నేల పలకల కింద. సన్న లైను నుంచి మధ్య లైనుకు. నాలుగంగుళాల గొట్టం, కిందికి వంగి ఉంటుంది. రెండు వాల్వులు. ఎవరూ కడిగి ఉండరు. ఇరవై రెండేళ్ళ కింద వేశాను. పటంలో గీయలేదు.”

మేస్త్రీ చేతిలో రొట్టె కింద పడింది. నడుముకున్న రేడియో తీసి అరిచాడు. “పంపు గది! మంట ఆపండి! అందరూ పైకి! ఏదీ ముట్టుకోవద్దు, పైకి రండి!” అరుస్తూనే ఓడ వైపు పరుగెత్తాడు. అంత లావు మనిషి అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

ఓడలో గంట మోగింది. మేము గేటు ఊచల ఇవతల నిలబడ్డాం. పంపు గది తలుపులోంచి మనుషులు బయటికి రావడం అంత దూరానికీ కనిపిస్తోంది. అందరికీ ఒకే రంగు బట్టలు, ఒకే టోపీలు. ఒకరు. ఇద్దరు. మూడోవాడు వంగి దగ్గుతున్నాడు. నాలుగో మనిషి రావడానికి చాలా సేపు పట్టింది, లేక నాకలా అనిపించిందో. మామయ్య పాపను గట్టిగా పట్టుకున్నాడు. నాలుగో మనిషి తలుపు దాటి వచ్చి టోపీ తీసి తల గోక్కున్నాడు. అలా ఎడమ చేత్తో గోక్కునేది ఒక్కడే.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. కాపలా ముసలాయన “లే అమ్మా, లే, నేల తడిగా ఉంది,” అంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత సంగతి పాంతెలిస్ చెప్పిందే. ఇనుము కోసే గ్యాసు టార్చి వెలిగించాడట. మంట సన్నగా సరిచేసుకుని, అద్దాలు దించుకుని, వంగాడట. రేడియో వినిపించి ఆపాడట. ఆ గొట్టాన్ని అతను రెండు రోజుల ముందే చూశాడు కూడా. నేల మీద చేరిన మురికి నీళ్ళు తోడే గొట్టమనుకున్నాడు, అదే రంగు పూసి ఉంది, అక్కడ ఏ కంటికైనా అలాగే కనిపిస్తుంది. మధ్యాహ్నం మంట లేకుండా, నిప్పురవ్వలు రాని ఇత్తడి పానాలతో మరలు విప్పారు. గ్యాసు చూసే మీటరు దగ్గర పెట్టగానే కీచుమంది. రెండు బకెట్ల సరుకు కారింది. ఆ వాసనకు మేస్త్రీ వెనక్కి నడిచాడట.

అతను కోయబోయిన చోటికి దానికీ మధ్య ఒక బారెడు దూరం.

సాయంత్రం మేస్త్రీ గదిలో ఓడ పటం బల్ల మీద పరిచి ఉంది. మామయ్యను కూర్చోబెట్టారు. పాంతెలిస్ గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. మేస్త్రీ పెన్సిలు ఇచ్చాడు. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని, పటం మీద నిచ్చెనను వేలితో వెతుక్కుని, ఆ రెండు బారల గొట్టాన్ని గీశాడు. వంపు గీశాడు. వాల్వులు రెండూ గీశాడు. కింద తేదీ వేసి తన పేరు రాశాడు.

“ఆలస్యమైంది పెద్దాయనా,” అన్నాడు మేస్త్రీ, కోపంగా కాదు.

“తెలుసు,” అన్నాడు మామయ్య.

పాంతెలిస్ అప్పుడు మాట్లాడాడు. “పాపకు బాగోలేదన్నావట.”

“అన్నాను.”

“నిజం చెప్పడానికి పావుగంట పట్టిందా నాన్నా?”

మామయ్య కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంటి మెట్లు ఎక్కేటప్పుడు పాంతెలిస్ ఆయన చంక కింద చెయ్యి వేసి ఎక్కించాడు. ఇద్దరి మధ్యా మాటలు మొదలవడానికి మాత్రం క్రిస్మస్ దాకా పట్టింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, వారం తర్వాత మామయ్య నా దగ్గరికి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. మాకరోని పొట్లం అడగలేదు. “అమ్మాయ్, ఇంకోటి ఉంది,” అన్నాడు. ఆ కెప్టెన్ మిర్సిని నుంచి దాని జంట ఓడకు మారినప్పుడు మామయ్యను కూడా వెంట తీసుకెళ్ళాడట. ‘ఆంథిప్పి’. అదే కర్మాగారం, అదే కొలతలు, అదే నిచ్చెన. అక్కడా అదే గొట్టం వేశాడు. అది కోతకు పోలేదు, ఎవరో కొని పేరు మార్చారు. ఆ పాత కంపెనీ ఇప్పుడు లేదు. మామయ్య తెలిసిన ఓడ ఆఫీసులన్నిటికీ ఉత్తరాలు రాశాడు, స్పెల్లింగులు నేను దిద్దలేదు, నాకూ అంతంత మాత్రమే. ఇంతవరకూ జవాబు లేదు. ఇప్పుడాయన పాచికలకు వెళ్ళడం లేదు. ఒడ్డున కూర్చుని వచ్చే పోయే ఓడల వెనక భాగాలు చూస్తుంటాడు. పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే అక్షరాలు కనిపిస్తాయని నేనే చెప్పాను.

ఆ ఓడలో ఈరోజు ఎవరో ఒకరు పంపుమన్‌గా ఉండి ఉంటారు. ఏ రేవులోనో ఎవరో ఫిట్టరు దాని నిచ్చెన కింద వంగి ఉండవచ్చు. అతని పేరు నాకు తెలియదు. మీ ఇంట్లోవాళ్ళో, పక్కింటివాళ్ళో పాత చమురు ఓడ మీద ఉంటే, ఒక్కసారి పలకరించండి. వెనక భాగంలో రంగు కింద ఆంథిప్పి అని ఉబ్బెత్తుగా ఉందేమో తడిమి చూడమనండి. ఉంటే, నిచ్చెన కుడి పక్కన నేల పలకలు ఎత్తి చూసేదాకా మంట వెలిగించవద్దని చెప్పండి. చెప్పి ఊరుకోకండి. పని అయ్యే వేళకు మళ్ళీ ఫోన్ చేసి, పైకి వచ్చాడో లేదో కనుక్కోండి.